చవక పోర్టబుల్ హెడ్‌ఫోన్ యాంప్: రిటర్న్ గడువు లోపు పరీక్షించి తేల్చుకోవడం ఎలా?

జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్ (ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టి శబ్దం పెంచే యాంప్లిఫైయర్) తెప్పించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది: "పాట బాగున్నట్టే ఉంది. ఉంచుకోవాలా, తిప్పి పంపేయాలా?"

ఆ "బాగున్నట్టే" దగ్గరే చిక్కంతా. యాంప్ తగిలించగానే శబ్దం కాస్త పెరుగుతుంది. తేడా అర డెసిబెల్ మాత్రమే అయితే "గట్టిగా ఉంది" అని తోచదు, "తేటగా ఉంది" అని తోస్తుంది. అందుకే ఈ పరీక్షలో ఎక్కువ శ్రమ రెండు శబ్దాలనూ సమానం చేయడానికే పడుతుంది. ఆ పని చేయకుండా ఎన్ని గంటలు విన్నా తేలేది ఏమీ ఉండదు.

ఇక్కడ చవక అంటే ఐదు వేల రూపాయల లోపు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవారికి ఇది అక్కర్లేదు, అందులో యాంప్ లోపలే ఉంటుంది.

## 1. ఆర్డర్‌కి ముందు ఐదు నిమిషాల లెక్క

హెడ్‌ఫోన్ డబ్బా మీద రెండు అంకెలు వెతకండి: ఇంపెడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ చూపే అడ్డు, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (ఒక మిల్లీవాట్‌కి ఎన్ని డెసిబెల్). పాటలోని గట్టి దెబ్బలు నలగకుండా వినబడాలంటే 110 డెసిబెల్ దాకా అందగలగాలి. అది క్షణికమైన శిఖరాలకే. అంత గట్టిగా పాట వినమని కాదు.

మూడు ఉదాహరణలు:

- 16 ఓమ్‌లు, 105 డెసిబెల్ ఉన్న ఇయర్‌ఫోన్: 0.23 వోల్టు చాలు. ఏ ఫోనైనా ఇస్తుంది.
- 32 ఓమ్‌లు, 100 డెసిబెల్ ఉన్న హెడ్‌ఫోన్: 0.57 వోల్టు కావాలి. చాలా ఫోన్లు, డాంగిళ్లు (ఫోన్ యూఎస్‌బీ పోర్టుకి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న తీగలు) అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా ఇస్తాయి కాబట్టి సరిపోతుంది, లేదా చివరంచున ఉంటుంది.
- 250 ఓమ్‌లు, 96 డెసిబెల్ ఉన్న స్టూడియో హెడ్‌ఫోన్: 2.5 వోల్టులు కావాలి. ఫోన్ వల్ల కాదు.

మీది మొదటి రకమైతే యాంప్ మీద డబ్బు పెట్టకండి. లాభం ఉండదు సరికదా, సొయ్యిమనే హోరు అదనంగా వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు యాంప్ వైపు లెక్క. "32 ఓమ్‌ల దగ్గర 100 మిల్లీవాట్లు" అని రాసి ఉంటే దాన్ని వోల్టుల్లోకి మార్చండి: 0.1ని 32తో హెచ్చించి వర్గమూలం తీస్తే సుమారు 1.8 వోల్టులు. పైన చెప్పిన 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఇది 107 డెసిబెల్ ఇస్తుంది. అర వోల్టు ఫోన్ ఇచ్చేది 96 మాత్రమే. పూర్తిగా సరిపోకపోయినా 11 డెసిబెల్ లాభం, అంటే కొనదగ్గ తేడా. మిల్లీవాట్ల అంకె పక్కన ఓమ్‌ల అంకె లేకపోతే ఆ ప్రకటనతో లెక్క కట్టలేం.

ఒక జాగ్రత్త: కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కి కాక వోల్టుకి చెబుతాయి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఈ రెండు లెక్కల మధ్య 15 డెసిబెల్ తేడా వస్తుంది. ఏ లెక్కో చూడకుండా పోల్చకండి.

రణస్థలం, చీపురుపల్లి, గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవారు డెలివరీయే కాదు, రిటర్న్ పికప్ కూడా మీ పిన్‌కోడ్‌కి ఉందో లేదో ఆర్డర్ పేజీలో చూసుకోండి. వెనక్కి తీసుకెళ్లేవారు లేకపోతే ఈ పరీక్షంతా చేసీ ప్రయోజనం లేదు.

## 2. ముందే సిద్ధం చేసుకోవలసినవి

- 3.5 మి.మీ. మగ-మగ కేబుల్, అడుగు లోపు పొడవుది
- ఒక జాక్‌ని రెండు చేసే స్ప్లిటర్
- పాడైన ఇయర్‌ఫోన్ నుంచి కోసిన ప్లగ్, జానెడు తీగతో
- 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్న మల్టీమీటర్
- 33 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ ఒకటి
- 200 హెర్ట్జ్ స్వరం ఉన్న ఆడియో ఫైలు
- మీరు బాగా ఎరిగిన మూడు పాటలు, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి
- ఫోన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేకపోతే డాక్ చిప్ (డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) ఉన్న యూఎస్‌బీ-సి డాంగిల్

మీటర్ విషయంలో చాలామంది బోల్తా పడతారు. చవగ్గా దొరికే పసుపు 830 రకం మీటర్లలో ఏసీ రేంజి సాధారణంగా 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది. మనం కొలిచేది వోల్టులో ఆరో వంతు. ఆ మీటర్ డీసీ కొలవడానికి పనికొస్తుంది గాని ఇక్కడి ఏసీకి పనికిరాదు. కొననక్కర్లేదు, టీవీలు, మొబైళ్లు బాగుచేసే షాపులో ఒక పూటకి అడిగి తెచ్చుకోవచ్చు.

కోసిన ఇయర్‌ఫోన్ తీగలోని సన్నని పోగులు ఎర్రగానో, ఆకుపచ్చగానో మెరుస్తుంటాయి. అది రంగు కాదు, వార్నిష్ పూత. దాని మీద మీటర్ ముల్లు పెడితే సున్నాయే చూపిస్తుంది. అగ్గిపుల్లతో ఒక్క క్షణం కాల్చి, మసిని గోరుతో గీకితే రాగి బయటపడుతుంది. తర్వాత మీటర్ బీప్ మోడ్‌లో ఏ తీగ ప్లగ్ కొనకి (ఎడమ చెవి), ఏది మొదలు దగ్గరి భాగానికి (గ్రౌండ్) వెళ్తోందో గుర్తుపెట్టుకోండి.

## 3. డబ్బా తెరవడం, మొదటి చార్జింగ్

సీలు తీసేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. పాలిథిన్ కవర్లు, కాగితాలు ఏవీ పారేయకండి.

సి నుంచి సి కేబుల్‌తో చార్జ్ ఎక్కకపోతే యాంప్ చెడిపోయిందని అనుకోవద్దు. కొన్ని చవక పరికరాల్లో పోర్టు యూఎస్‌బీ-సి ఆకారంలో ఉంటుంది గాని, "నాకు కరెంటు కావాలి" అని చార్జర్‌కి చెప్పే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండవు. మామూలు చార్జర్‌తో, ఎ నుంచి సి కేబుల్‌తో ప్రయత్నించండి.

వేసవి మధ్యాహ్నం బండి ట్యాంక్ కవర్లో ఉంచి తెచ్చిన యాంప్‌ని వెంటనే చార్జింగ్‌కి పెట్టకండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదు. అరగంట నీడలో చల్లారనివ్వండి. బాడీ ఒకవైపు ఉబ్బినట్టు కనిపిస్తే చార్జ్ చేయకుండానే తిప్పి పంపండి.

## 4. హెడ్‌ఫోన్ పెట్టకముందు డీసీ చూడండి

యాంప్‌లోంచి కారే డీసీ వోల్టేజీ నుంచి మంచి హెడ్‌ఫోన్‌ని కాపాడుకోవడానికి రెండు నిమిషాల పని. యాంప్ ఆన్ చేసి, పాట లేకుండా, కోసిన ప్లగ్‌ని అవుట్‌పుట్‌లో పెట్టి, మీటర్‌ని 200 మిల్లీవోల్టుల డీసీ రేంజిలో ఉంచండి. ఎడమ, కుడి రెండూ కొలవండి. వాల్యూమ్ నాబ్ సున్నా దగ్గర ఒకసారి, సగంలో ఒకసారి.

- 20 మిల్లీవోల్టుల లోపు: నిశ్చింతగా ముందుకు వెళ్లండి.
- 20 నుంచి 50: పది నిమిషాలాగి మళ్లీ చూడండి.
- 50 పైన: హెడ్‌ఫోన్ పెట్టకుండా వాపసు.

## 5. కలిపే వరస

1. ఫోన్‌లో ఈక్వలైజర్, డాల్బీ, పాటల యాప్‌లోని వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్, యాంప్ మీది బాస్ బూస్ట్ అన్నీ ఆపండి.
2. యాంప్‌లో గెయిన్ స్విచ్ (శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచాలో ఎంచేది) ఉంటే తక్కువ వైపు పెట్టండి.
3. యాంప్ ఆఫ్‌లో ఉండగా ఫోన్ నుంచి కేబుల్‌ని "ఇన్" జాక్‌లో పెట్టండి. ఇన్, అవుట్ తారుమారు కావడం అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు.
4. నాబ్‌ని సున్నాకి తెచ్చి యాంప్ ఆన్ చేయండి. కొన్నింట్లో ఆన్ కాగానే "టప్" అంటుంది, అది అయ్యాకే హెడ్‌ఫోన్ పెట్టండి.
5. ఫోన్ వాల్యూమ్‌ని ఎనభై శాతం దాకా పెంచి, తర్వాత నాబ్ మెల్లగా తిప్పండి.

ఫోన్ వాల్యూమ్ బాగా తగ్గించి యాంప్‌ని పూర్తిగా పెంచితే, పాటతో పాటు ఫోన్ హోరు కూడా పెరుగుతుంది. చాలామంది యాంప్ మీద వేసే నింద ఇక్కడే పుడుతుంది.

యూఎస్‌బీ డాంగిల్ పెట్టినా శబ్దం మరీ తక్కువగా ఉంటే ముందు డాంగిల్‌ని అనుమానించండి. ఆపిల్ యూఎస్‌బీ-సి డాంగిల్ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోన్ వాల్యూమ్ నిండుగా ఉన్నా తన పూర్తి వోల్టేజీ ఇవ్వదు. డాంగిల్ మార్చితేనే పోయే జబ్బుకి యాంప్ మందు కాదు.

## 6. నిశ్శబ్దంలో హోరు పరీక్ష

రాత్రి పదకొండు దాటాక, సీలింగ్ ఫ్యాన్ ఆపి చేయండి. ఫ్యాన్ తిరుగుతుంటే యాంప్ హోరు దాని కిందే దాగిపోతుంది.

పాట ఆపి, కేబుల్ తగిలించే ఉంచి, నాబ్‌ని మీరు రోజూ వినే స్థాయిలో పెట్టి పది క్షణాలు వినండి. తర్వాత నిండా తిప్పి వినండి. పాట మళ్లీ పెట్టే ముందు నాబ్ సున్నాకి తేవడం మరవద్దు. చెవికి దెబ్బ తగిలేది ఈ మరుపు వల్లే.

- రోజూ వినే స్థాయిలో సన్నని హోరు వినబడితే: ఆ ఇయర్‌ఫోన్‌కి ఈ యాంప్ తగదు. ఇంకా పెద్ద యాంప్ తెస్తే తీరుతుందన్న హామీ లేదు.
- నిండా తిప్పినప్పుడే వినబడితే: పట్టించుకోనక్కర్లేదు.
- కాల్ వచ్చే ముందు "టుక్ టుక్ బర్‌ర్" అంటే: అది 2జీ సిగ్నల్, 217 హెర్ట్జ్ చప్పుడు. ఫోన్‌ని జానెడు దూరం జరపండి, లేదా ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. యాంప్‌ని ఫోన్ వీపుకి రబ్బర్ బ్యాండ్‌తో కట్టి వాడేవారికి ఇది తప్పదు.
- చార్జింగ్‌లో ఉన్నప్పుడే గుయ్యిమంటే: ఒకే చార్జర్ నుంచి ఫోన్, యాంప్ రెండూ చార్జ్ అవుతున్నాయేమో చూడండి. ఒకటి తీసేయండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టి వింటే, స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ల రొద హెడ్‌ఫోన్‌లోకి దిగుతుంది. ఈ పరీక్షలన్నీ చార్జర్ తీసేసి, బ్యాటరీ మీదే చేయండి.

## 7. రెండు చెవులూ సమానమేనా?

దీనికి పాత మోనో (రెండు చెవులకీ ఒకే శబ్దం వచ్చే) సినిమా పాట కంటే మంచి సాధనం లేదు. ఘంటసాల, పి.సుశీల పాత రోజుల్లో పాడిన మోనో పాటల్లో గొంతు నుదుటి మధ్యలో నిలబడాలి. ఒకవైపు జరిగితే లోపమున్నట్టే. ఇటీవల స్టీరియోగా మార్చి విడుదల చేసిన ప్రతులు మాత్రం దీనికి పనికిరావు.

నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ వినండి. మొదటి పావు వంతులో గొంతు ఒక చెవి వైపు ఒరిగి, తర్వాత మధ్యకి రావడం చవక నాబ్‌లలో మామూలే. రెండు చెవులకూ ఉన్న రెండు కార్బన్ పట్టీలు మొదట్లో ఒకేలా నడవవు. ఫోన్ వాల్యూమ్ తగ్గించి, నాబ్‌ని సగానికి దగ్గరగా వాడితే ఇబ్బంది పోతుంది.

సగం దాటినా ఒరిగే ఉంటే ఇలా తేల్చండి:

1. హెడ్‌ఫోన్‌ని తిరగేసి పెట్టుకోండి. తక్కువ శబ్దం అదే చెవిలో ఉంటే తేడా చెవిది.
2. అవతలి చెవికి మారితే హెడ్‌ఫోన్‌ని నేరుగా ఫోన్‌కి పెట్టి వినండి. గొంతు మధ్యకి వస్తే తప్పు యాంప్‌ది, రాకపోతే హెడ్‌ఫోన్‌ది.

## 8. అసలు పని: శబ్దాలు సమానం చేయడం

తొందరపడకండి, అరగంట పడుతుంది.

1. హెడ్‌ఫోన్‌ని స్ప్లిటర్ ఒక కొమ్మకి, కోసిన ప్లగ్‌ని రెండో కొమ్మకి పెట్టండి. హెడ్‌ఫోన్ భారం ఉండగా కొలవాలి, ఖాళీగా కొలిస్తే అంకె తప్పుతుంది.
2. స్ప్లిటర్‌ని నేరుగా ఫోన్‌కి పెట్టండి. హెడ్‌ఫోన్ చెవులకి వద్దు, బల్ల మీద ఉంచండి.
3. 200 హెర్ట్జ్ స్వరం ప్లే చేయండి. చవక మీటర్లు 40 నుంచి 400 హెర్ట్జ్ మధ్యే నమ్మదగ్గవి. వెయ్యి హెర్ట్జ్‌తో చేస్తే మీటర్ తప్పు చెప్పొచ్చు.
4. ఎడమ తీగ, గ్రౌండ్ మధ్య ఏసీ కొలవండి. 0.150 వోల్టు వచ్చిందనుకోండి, రాసుకోండి.
5. ఫోన్ వాల్యూమ్ ముట్టుకోకుండా మధ్యలో యాంప్ కలపండి. నాబ్‌ని మీటర్ మళ్లీ 0.150 చూపించే దాకా తిప్పండి.
6. 0.149 నుంచి 0.151 లోపు ఉంటే చాలు. ఒక శాతం తేడా అంటే డెసిబెల్‌లో పదో వంతు కన్నా తక్కువ.
7. నాబ్ పక్కన సన్నని పెన్నుతో గీత గీయండి. తిప్పి పంపాల్సి రావచ్చు కాబట్టి గీత సెల్లోటేప్ ముక్క మీద ఉండాలి.

నాబ్ బదులు బటన్లు ఉన్న యాంప్‌లో అంకె సరిగ్గా కుదరదు. దగ్గరి మెట్టులో పెట్టి, మిగిలిన తేడాని ఫోన్‌లో ఈక్వలైజర్ యాప్‌లోని ప్రీయాంప్‌తో (మొత్తం శబ్దాన్ని సన్నని మెట్లలో మార్చే మీట) పూడ్చండి. ఫోన్ వాల్యూమ్ బటన్ వద్దు, దాని మెట్లు మరీ పెద్దవి.

మీటర్ చేతిలో ఉండగానే యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ లోపలే ఉండే అడ్డు) కూడా చూడండి. హెడ్‌ఫోన్ లేకుండా 0.300 వోల్టు పెట్టి, 33 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డంగా తగిలించండి. 0.290కి దిగితే: 0.300ని 0.290తో భాగించి, ఒకటి తీసి, 33తో హెచ్చిస్తే 1.1 ఓమ్. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు కన్నా ఇది తక్కువ ఉండాలి. 32 ఓమ్‌లకి 4 దాకా పరవాలేదు. అంతకు మించితే కొన్ని హెడ్‌ఫోన్లలో బాస్ ఉబ్బి వినిపిస్తుంది. అది మెరుగుదల కాదు, వంకర.

## 9. కళ్లు మూసుకుని వినడం

ఇంట్లో ఒకరి సాయం కావాలి. వాళ్లు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే నేరుగా, బొరుసు పడితే యాంప్‌తో పెట్టాలి. వరసగా రెండుసార్లు ఒకటే వచ్చినా ప్లగ్ తీసి మళ్లీ పెట్టాలి, లేదంటే చప్పుడు పట్టిచ్చేస్తుంది. ఒకే పాటలో పదిహేను సెకన్ల ముక్క తీసుకోండి. మార్పిడి ఐదు సెకన్లలో అయిపోవాలి, చెవి జ్ఞాపకం అంతకన్నా నిలవదు.

పదిసార్లు చేసి, చెప్పినవి రాసుకోండి.

- తొమ్మిది, పది సరైనవి: తేడా నిజం. ఊరికే చెప్పినా ఇన్ని కలిసే అవకాశం నూటికి ఒకసారి.
- ఎనిమిది: మరో పది చేయండి.
- ఏడు, అంతకు తక్కువ: ఆ స్థాయిలో తేడా ఉందని రుజువు కాలేదు.

32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌తో చాలామందికి తేడా దొరకదు. అది యాంప్ లోపం కాదు, ఫోన్ బాగుందని అర్థం.

## 10. గట్టి స్థాయిలో పరీక్ష

ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉన్నవారికి యాంప్ విలువ తెలిసేది ఇక్కడే. తప్పెటగుళ్ల రికార్డింగ్ ఒకటి పెట్టండి. తప్పెట మీద ప్రతి దెబ్బా ఒంటరిగా, చర్మం అదిరినట్టు వినబడాలి. "ఫట్" అనాల్సిన చోట "ఫష్" అంటూ అంచులు నలిగితే వోల్టేజీ అయిపోయిందన్నమాట. ముందు ఫోన్‌తో నేరుగా, తర్వాత యాంప్‌తో, ఒకే గట్టిదనం దగ్గర వినండి.

యాంప్‌తో కూడా నలిగితే ఫోన్ వాల్యూమ్‌ని అరవై శాతానికి దించి నాబ్ పెంచండి. నలుగుడు పోతే ఇన్‌పుట్ ఎక్కువైంది. పోకపోతే యాంప్ శక్తి అంతే.

చివర్లో బొబ్బిలి వీణ వాదన ఒకటి. ఒక మీటు కొసదాకా, పూర్తిగా ఆగిపోయే వరకు వినండి. హోరు దాని తోకని మింగేస్తోందా అన్నది అక్కడ తెలుస్తుంది. కొత్త రికార్డింగే వాడండి. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు గారి గ్రామఫోను రికార్డుల లాంటివి ఎంత గొప్పవైనా, వాటి సూది రాపిడి యాంప్ హోరుతో కలిసిపోతుంది.

ఈ పరీక్షని రెండు మూడు నిమిషాలకి మించనివ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్ హద్దు.

## 11. ప్రయాణంలో ఒక రోజు

శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి విజయనగరం బస్సులోనో, ఆమదాలవలస నుంచి రైల్లోనో ఒకసారి వాడి చూడండి. ఇంజిన్ రొదని యాంప్ ఆపదు. ఆపేది చెవికి బిగుతుగా కూర్చునే గుబ్బ. రొద మీద పాట వినబడాలని నాబ్ పెంచుతూ పోతున్నారంటే కొనాల్సింది మంచి సిలికాన్ టిప్స్.

చూడాల్సినవి:

- జేబులో నాబ్ దానంతటదే తిరుగుతోందా?
- కుదుపుకి జాక్ దగ్గర కరకరమంటోందా?
- నిండు చార్జింగ్ మీద ఎన్ని గంటలు వచ్చింది? చెప్పినదాంట్లో సగం కూడా రాకపోతే వాపసుకి అదే కారణం రాయండి.

## 12. లోపాలు, సవరణలు

పాటలో గొంతు మాయమై, వాయిద్యాలు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు ఉంటే: గ్రౌండ్ తెగింది. రెండు వైపులకీ ఉమ్మడిగా ఉన్నదంతా కొట్టేసుకుపోయి తేడా మాత్రమే వినబడుతోంది. ప్లగ్‌ని చివరిదాకా నొక్కండి. మైకు ఉన్న నాలుగు పట్టీల ప్లగ్ అయితే పావు మి.మీ. వెనక్కి లాగి చూడండి. సర్దుకుంటే మామూలు మూడు పట్టీల కేబుల్ వాడండి.

నాబ్ తిప్పితే బరబర: యాంప్ ఆపి నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి ఇరవైసార్లు తిప్పండి. కొత్త వస్తువులో అప్పటికీ పోకపోతే బాగుచేసే ప్రయత్నం వద్దు, పంపేయండి.

కొన్నాళ్లకి ఒక వైపు వచ్చీ పోతుంటే: కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి జాక్ లోపలి రేకులు నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని ప్లగ్‌కి రాసి పదిసార్లు పెట్టి తీయండి, పావుగంట ఆరనివ్వండి. వాడనప్పుడు సిలికాజెల్ పొట్లంతో మూత డబ్బాలో ఉంచండి. కొబ్బరినూనె, కిరసనాయిలు రాయకండి.

## 13. ఉంచుకోవాలా, పంపాలా?

ఉంచుకోండి, ఈ మూడూ నిజమైతే:

- ఫోన్ నలిగిన చోట యాంప్ నలగలేదు
- రోజూ వినే స్థాయిలో హోరు లేదు
- నాబ్ సగం దగ్గర రెండు చెవులూ సమానం

ఫోన్ అసలు ఎక్కడా నలగక, మిగతా రెండూ సరిగా ఉంటే యాంప్ మంచిదే, మీ హెడ్‌ఫోన్‌కి దాని అవసరం లేదు. డబ్బు వెనక్కి తీసుకోండి.

పంపే ముందు సెల్లోటేప్ గీత తీసేసి, బ్యాటరీ సగం దాకా ఉంచి, స్విచ్ ఆపండి. కేబుళ్లు ఏ పొట్లంలో వచ్చాయో అదే పొట్లంలో పెట్టి, వెనకనున్న సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీసి మూత వేయండి.